ప్రేగులో నిప్పు, ఊపిరిలో పొగ

పెద్దప్రేగు పుండ్లు పడి, ఏళ్ళ తరబడి రక్త విరేచనాలతో కృశించిపోయిన రోగికి చిట్టచివరి ఉపాయంగా శస్త్రవైద్యులు ఆ ప్రేగును మొత్తంగా తీసివేస్తారు. రోగం పుట్టిన చోటే లేకుండా పోయింది గనుక పీడ విరగడయిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. రోగి తేరుకుంటాడు, కాస్త ఒళ్ళు కూడా చేస్తాడు. కొన్ని నెలలకో, కొన్ని సంవత్సరాలకో అతనికి దగ్గు పట్టుకుంటుంది. పొగ త్రాగే అలవాటు లేదు. ఇంటి వంశంలో ఉబ్బసం లేదు. పరీక్ష చేయిస్తే కళ్లెలో క్షయ క్రిములు లేవు. అయినా ఉదయం లేచింది మొదలు గిన్నెడు కళ్లె పడుతుంది. యాంటీబయాటిక్ మందులు వాడినన్నాళ్ళు తగ్గినట్టే తగ్గి, మానగానే మళ్ళీ యథాప్రకారం.

ఈ దగ్గుకూ, ఏనాడో తీసివేసిన ఆ ప్రేగుకూ సంబంధం ఉన్నదంటే నమ్మడం కష్టం. రోగికే కాదు, చాలాకాలం వైద్యులకు సైతం అది కష్టంగానే ఉండేది.

మనం మాట్లాడుకుంటున్నది కలుషిత జలం వల్ల వచ్చి, వారం రోజుల మందుతో పోయే జిగట విరేచనాల సంగతి కాదు. పరీక్ష గది మెట్లెక్కగానే కడుపు కదిలే సున్నిత స్వభావుల బాధా కాదు. శరీరపు రక్షణ వ్యవస్థ తన ప్రేగు మీదనే తాను తిరగబడటం వల్ల కలిగే రెండు దీర్ఘవ్యాధులున్నాయి. అల్సరేటివ్ కోలైటిస్ అనేది పెద్దప్రేగు లోపలి పొరకు మాత్రమే పరిమితమవుతుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు; ప్రేగు గోడను లోపలి నుంచి బయటి వరకు తొలిచివేయగలదు. ఈ రెంటికీ సంస్కృతంలో పెద్ద పెద్ద సమాసాలు కల్పించినవారున్నారు గాని, 'నోటిపూత' అన్నంత సహజంగా మనవాళ్ళు వాడే 'ప్రేగుపూత' అన్న మాట కంటె మంచి మాట నాకు కనిపించలేదు.

వీటి చరిత్ర కూడ విచిత్రమైనదే. 1859లో లండన్‌లో ఒక స్త్రీ మరణించినప్పుడు, ఆమెపై విషప్రయోగం జరిగిందన్న అభియోగంతో పెద్ద విచారణ నడిచింది. ఆమె ప్రేగులను పరీక్షించిన గైస్ ఆసుపత్రి వైద్యుడు శామ్యూల్ విల్క్స్, ఆ పుండ్లు ఒక ప్రత్యేకమైన వ్యాధి లక్షణాలని వర్ణించాడు. 'అల్సరేటివ్ కోలైటిస్' అన్న పేరు వైద్య సాహిత్యంలోకి ప్రవేశించింది అలాగే. రెండవ వ్యాధిని 1913లోనే గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు కెనెడీ డాల్జీల్ వివరించినా, 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రికి చెందిన క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు వ్రాసిన వ్యాసమే దానికి ప్రచారం తెచ్చింది. ఇంగ్లీషు అక్షరక్రమంలో ముందున్నందున మొదటివాని పేరే వ్యాధికి స్థిరపడింది!

ఈ వ్యాధులు ప్రేగుతో ఆగవన్నది వైద్యులకు చాలాకాలంగా తెలుసు. కీళ్ళు వాస్తాయి, కళ్ళు ఎర్రబడతాయి, కాళ్ళ మీద నొప్పితో కూడిన ఎర్రని గడ్డలు లేస్తాయి, కాలేయపు పైత్యనాళాలు దెబ్బతింటాయి. ఈ జాబితాలో ఊపిరితిత్తులు చేరింది మాత్రం ఆలస్యంగా. 1976లో అమెరికాలో సమ్నర్ క్రాఫ్ట్, ఆయన సహచరులు ఆరుగురు రోగుల కథను ప్రచురించారు. ఆరుగురికీ ప్రేగుపూత ఉన్నది. ఆరుగురికీ కారణం తెలియని మొండి శ్వాసకోశ వ్యాధి కూడ ఉన్నది. ఇది కాకతాళీయం కాదేమోనని వారు అనుమానించారు. 1993లో ఫ్రాన్సు దేశంలోని డిజోన్ నగర వైద్యుడు ఫిలిప్ కామ్యూ బృందం 33 మంది రోగులను ఒకచోట చేర్చి పరిశీలించింది. వారిలో ఎక్కువమంది అల్సరేటివ్ కోలైటిస్ రోగులు. కొందరికి పెద్దప్రేగు తీసివేసిన పిమ్మటనే దగ్గు మొదలయింది. మరికొందరికి ప్రేగుపూత బయటపడక ముందే ఊపిరితిత్తుల బాధ వచ్చింది. అనుమానం అప్పటికి నిశ్చయమయింది.

ఇంతకూ ఎక్కడి ప్రేగు, ఎక్కడి ఊపిరితిత్తి?

సమాధానం కోసం మాతృగర్భంలోకి వెళ్ళాలి. పిండానికి నాలుగవ వారం నడుస్తుండగా, ఆహారనాళంగా రూపొందవలసిన గొట్టపు ముందుభాగం నుంచి ఒక చిన్న మొగ్గ పొడుచుకు వస్తుంది. ఆ మొగ్గే కొమ్మలు వేసి, ఉపకొమ్మలు వేసి శ్వాసనాళమూ, ఊపిరితిత్తులూ అవుతుంది. అంటే ఇవి రెండూ ఒక తల్లి బిడ్డలు. పెరిగి వేరు కాపురాలు పెట్టినా పోలికలు పోలేదు. రెంటి లోపలా జిగురు స్రవించే గ్రంథులున్నాయి. రెంటి గోడలలోనూ రక్షణ కణాల ఠాణాలున్నాయి. రెండూ బయటి ప్రపంచానికి తలుపులు తెరుచుకుని కూర్చున్నవే. ఒకటి అన్నంతో వచ్చే శత్రువును, మరొకటి గాలితో వచ్చే శత్రువును ప్రతిక్షణం ఎదుర్కోవలసి ఉన్నది. ప్రేగులో పోరు నేర్చిన రక్షణ కణాలు రక్తంలో ప్రయాణిస్తూ, అదే పోలిక గల శ్వాసనాళపు గోడను చూసి అక్కడా దాడికి దిగుతాయని నేటి శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ప్రేగును తీసివేసినా ఆ కణాలు శరీరంలోనే ఉంటాయి. పైగా శస్త్రచికిత్స అయిపోయింది గనుక వాటిని అదుపులో ఉంచిన మందులు కూడ మానివేస్తారు. అణగి ఉన్న దగ్గు అప్పుడు బయటపడటంలో ఆశ్చర్యం లేదు. (చైనా ప్రాచీన వైద్యులు ఊపిరితిత్తులకూ పెద్దప్రేగుకూ ఏనాడో జంట కట్టారని కొందరు ఉత్సాహంగా చెబుతారు. వారి లెక్క వేరు, ఈ లెక్క వేరు. కలిసివచ్చింది గదా అని ఒకదానితో మరొకదానిని రుజువు చేయబూనడం సాహసం.)

ఈ శీర్షిక కోసం ఇంగ్లీషు వైద్య గ్రంథాలు తిరగవేసేటప్పుడు అనువాదకునిగా నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టే మాట 'ఇన్‌ఫ్లమేషన్'. ఆ మాట గర్భంలో నిప్పు ఉన్నది. లాటిన్ మూలానికి అర్థం రగల్చడమే. రెండువేల ఏళ్ళ నాడు రోమన్ రచయిత సెల్సస్ దానికి నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. మనం తెలుగులో 'వాపు' అని ఒక్క గుర్తునే పట్టుకున్నాము. వాపు అనగానే పాఠకుడు కాలి చీలమండ వాపునో, పంటి చిగురు వాపునో ఊహించుకుంటాడు. 'తాపం' అన్నవారు వేడిని పట్టుకున్నారు గాని వాపును వదిలారు. నిప్పు అనుకుంటేనే ఈ వ్యాధి స్వభావం అర్థమవుతుందని నా అభిప్రాయం. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ వ్యాధిలో మాత్రం ప్రేగులో నిప్పు చల్లారిన తరువాత కూడ ఊపిరిలో పొగ లేవవచ్చు. చిక్కంతా ఇక్కడే వస్తున్నది.

ఊపిరితిత్తులకు వచ్చే బాధలలో అన్నిటికంటె సాధారణమైనది శ్వాసనాళాలకు వచ్చేది. నాళపు గోడ ఎర్రబడి, దళసరెక్కి, ఎడతెగకుండా జిగురు స్రవిస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గోడ పటుత్వం కోల్పోయి నాళాలు వెడల్పుగా సంచుల్లా సాగిపోతాయి. వీటిలో కళ్లె నిలువ చేరి, అందులో క్రిములు పెరిగి, మాటిమాటికీ జ్వరాలు వస్తాయి. దీనిని బ్రాంకియెక్టాసిస్ అంటారు. ఒకసారి సాగిన నాళం మళ్ళీ పూర్వరూపానికి రాదు. అందుకే ఆరంభంలో పట్టుకోవడం అంత ముఖ్యం. కొందరిలో అతి సన్నని నాళికలు మూసుకుపోతాయి. అటువంటప్పుడు దగ్గు కంటె ఆయాసం ఎక్కువగా ఉంటుంది. చాలా అరుదుగా మెడ దిగువనున్న ముఖ్య శ్వాసనాళమే ఇరుకైపోయి, గాలి పీల్చినప్పుడల్లా ఈలవంటి ధ్వని వస్తుంది. అది క్షణం ఆలస్యం చేయరాని ప్రమాదం.

మామూలు ఛాతీ ఎక్స్‌రేలో ఈ మార్పులు చాలాసార్లు కనిపించవు. ఎక్స్‌రే నిర్మలంగా ఉన్నది గనుక జబ్బు లేదనుకోవడానికి వీలులేదు. సన్నని పొరలు పొరలుగా తీసే సి.టి. స్కాన్‌లోనే నాళాల వెడల్పు, గోడల దళసరి తెలుస్తాయి. గొట్టంలోకి ఊది చేసే శ్వాస పరీక్షలు కూడ అవసరమే. ప్రేగుపూత గలవారికి, దగ్గూ ఆయాసమూ ఏమీ లేనివారికి సైతం, ఈ పరీక్ష చేస్తే కొందరిలో చిన్న చిన్న లోపాలు కనిపిస్తున్నాయి. అంతమాత్రాన వారందరికీ వ్యాధి వస్తుందని కాదు. నిజానికి ఊపిరితిత్తులు బాహాటంగా దెబ్బతినేది కొద్దిమందికే.

ఇందులో ఊరట కలిగించే సంగతి ఒకటున్నది. ఈ దగ్గు యాంటీబయాటిక్ మందులకు లొంగకపోయినా, పీల్చే స్టెరాయిడ్ మందుకు చాలామందిలో లొంగుతుంది. తొలిదశలో అయితే ఆ గుణం రోగినే ఆశ్చర్యపరచేటంతగా ఉంటుంది. చాలనప్పుడు మాత్రల రూపంలో ఇస్తారు. ఊపిరితిత్తుల కండలోనే నెమ్ము వంటి మచ్చలు ఏర్పడే మరో రకం బాధకు కూడ స్టెరాయిడ్ మాత్రలే ప్రధాన చికిత్స. అంటే, కారణం సరిగా గుర్తిస్తే మందు ఉన్నది. గుర్తించకపోతే రోగి ఏళ్ళ తరబడి దగ్గు మందు సీసాలు మార్చుకుంటూ ఉంటాడు.

గుర్తించకపోవడానికి కారణం వైద్యుల అజ్ఞానమని నేను అనను. ఒక గృహిణిని ఊహించుకోండి. పదేళ్ళ క్రితం ఆమెకు రక్త విరేచనాలయ్యాయి. మొలలని కొన్నాళ్ళు నాటుమందు తిన్నది. చివరకు పట్నంలో ప్రేగుపూత అని తేల్చారు. మాత్రలతో నయంగా ఉన్నది. ఇప్పుడు దగ్గుతో ఊరి డాక్టరు వద్దకు వెళ్తుంది. కట్టెల పొయ్యి మీద వంట చేస్తావా అమ్మా అని ఆయన అడుగుతాడు. చేస్తానంటుంది. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. పొగ వల్ల వచ్చిన ఉబ్బసమని ఆయన తీర్మానిస్తే తప్పు పట్టడానికి లేదు. కడుపు సంగతి ఆమె చెప్పలేదు. దగ్గుకు వచ్చి విరేచనాల మాట ఎత్తడం ఆమెకు తోచలేదు, పైగా సిగ్గు. పట్నంలోని ప్రేగుల వైద్యుని వద్దకు ఆరునెలల కొకసారి వెళ్ళినప్పుడు ఆయన విరేచనాల లెక్క అడుగుతాడు. దగ్గు లెక్క అడగడు. ఆమె శరీరం ఒకటే, చీటీలు మాత్రం రెండు. ఆ రెండు చీటీలను ఒకే సంచిలో వేసుకుని ఇద్దరికీ చూపించడం ఆమె చేయగల పని, ఖర్చులేని పని.

మందుల విషయంలో కూడ ఆ సంచి పనికివస్తుంది. ప్రేగుపూతకు వాడే మందులే ఒక్కొక్కసారి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. ఇప్పటికీ విరివిగా వాడే సల్ఫసలజీన్‌ను రూపొందింపజేసినది స్వీడన్ దేశపు వైద్యురాలు నాన్నా స్వార్జ్. మొదట అది కీళ్ళవాతం కోసం ఉద్దేశించినది. లక్షలమందికి మేలు చేసిన ఆ మందు, దాని సంతతి వంటి మెసలజీన్, అరుదుగా కొందరిలో జ్వరమూ, పొడిదగ్గూ, ఆయాసమూ కలిగిస్తాయి. మందు ఆపితే సాధారణంగా తగ్గిపోతుంది. మెథోట్రెక్సేట్ వల్ల కలిగే ఆయాసం ఇంతకంటె తీవ్రంగా ఉండవచ్చు. అయితే దగ్గు రాగానే రోగి తనంతట తాను మందు ఆపివేయడం మంచిది కాదు. ఆపిన మందు ప్రేగును మళ్ళీ రగిలిస్తుంది. మందు తప్పో, వ్యాధి తప్పో, వచ్చింది మామూలు పడిశమో తేల్చవలసినది వైద్యుడు.

ఇక రక్తం గడ్డకట్టడం. ప్రేగుపూత గలవారి రక్తనాళాలలో గడ్డలు ఏర్పడే ప్రమాదం తక్కిన వారికంటె రెండు మూడింతలు ఎక్కువ. వ్యాధి ముమ్మరించినప్పుడు అది ఇంకా పెరుగుతుంది. కాలి పిక్కలో పుట్టిన గడ్డ కదిలి ఊపిరితిత్తులలో చిక్కుకుంటే ప్రాణాపాయం. ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టడం, హఠాత్తుగా ఆయాసం రావడం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టుండడం, కళ్లెలో నెత్తురు పడడం — వీటిలో ఏది కనిపించినా తెల్లవారనిద్దామని ఆగకూడదు. రక్త విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన రోగికి రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తుంటే, నెత్తురు పోతున్నవానికి ఇదేమి మందని బంధువులు కంగారుపడుతుంటారు. పొరపాటున ఇస్తున్నది కాదు. ప్రేగు నుంచి పోయే ఆ కాస్త నెత్తురు కంటె గడ్డ వల్ల వచ్చే ముప్పు పెద్దదని తెలిసే ఇస్తున్నారు.

మన దేశంలో ఈ కథకు మరో పాత్ర ఉన్నది: క్షయ. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ ఊపిరితిత్తులకే వస్తుందని చాలామంది అభిప్రాయం. అది ప్రేగుకూ వస్తుంది. చిన్నప్రేగు ముగిసి పెద్దప్రేగు మొదలయ్యే మూల దానికి ప్రియమైన చోటు. క్రోన్స్ వ్యాధికీ అదే ప్రియమైన చోటు! రెంటిలోనూ పుండ్లు, ప్రేగు ఇరుకు కావడం, జ్వరం, బరువు తగ్గడం ఒకే తీరుగా ఉంటాయి. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసినా చాలాసార్లు తేడా తెలియదు. అందువల్ల మన వైద్యులు సందేహం తీరనప్పుడు ముందుగా క్షయ మందులే ఇచ్చి, రెండు నెలల తరువాత మళ్ళీ ప్రేగులోకి గొట్టం వేసి చూస్తారు. పుండ్లు మానితే క్షయ. మానకపోతే క్రోన్స్ అయి ఉండే అవకాశం ఎక్కువ. రోగికి కొంచెం ఒళ్ళు తేలికైతే చాలదు, పుండు మానినదా లేదా అన్నదే ముఖ్యం. రెండవసారి పరీక్షకు బద్ధకించి నెలల తరబడి క్షయ మందులు మింగుతూ పోతే, ఈలోగా క్రోన్స్ వ్యాధి ప్రేగును ఇరుకు చేసివేస్తుంది.

ప్రేగుపూత పాశ్చాత్యుల జబ్బు, మనకు క్షయ ఉన్నది చాలులే అని ఒకప్పుడు అనుకునేవారు. 2023లో హైదరాబాద్ ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులు, కడుపు బాధలున్న ముప్పై వేలకు పైగా ప్రజలను పరీక్షించి ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఈ వ్యాధి పల్లెవాసులలోనూ పట్టణవాసులలోనూ దాదాపు ఒకే మోతాదులో ఉన్నది. కనుక ఇప్పుడు రెండు వ్యాధులూ ఒకే వీధిలో కాపురముంటున్నాయి.

ఆ పొరుగు ఎంత ప్రమాదకరమో కొత్త మందులు వచ్చాక తెలిసింది. 1998లో అమెరికాలో క్రోన్స్ వ్యాధికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్ అనుమతి పొందింది. రక్షణ కణాలు ఒకదానినొకటి రెచ్చగొట్టుకునేందుకు వాడే టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని అది అడ్డుకుంటుంది. మంచం పట్టినవారు లేచి తిరిగారు. కాని ఆ పదార్థానికి మరో పని కూడ ఉన్నది. ఎప్పుడో బాల్యంలో శరీరంలో చేరిన క్షయ క్రిములను గూడు కట్టి బంధించి ఉంచేది అదే. దానిని అడ్డగించేసరికి గూటి గోడ కూలింది. 2001లో వైద్యులు ఇటువంటి 70 కేసులను సమీక్షించారు. 48 మందికి మూడు ఇంజెక్షన్లలోపే క్షయ వచ్చింది. 40 మందికి అది ఊపిరితిత్తుల వెలుపల కూడ కనిపించింది. అందుచేతనే నేడు ఈ మందు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, చర్మంపై చేసే మాంటూ పరీక్ష, రక్తపరీక్ష చేయిస్తారు. నిద్రాణంగా క్షయ ఉన్నదని తోస్తే ముందుగా దానికి మందు ఇస్తారు. ఈ పరీక్షలు డబ్బు గుంజడానికని విసుక్కునేవారు ఈ సంగతి గమనించాలి. ఇంజెక్షన్ మొదలైన తరువాత సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ కేంద్రాలలో అది ఉచితం. ఊపిరితిత్తులలోని ప్రేగుపూత తాలూకు మచ్చకు స్టెరాయిడ్ మేలు చేస్తుంది. క్షయ మచ్చకు ఒంటరిగా స్టెరాయిడ్ ఇస్తే ఆజ్యం పోసినట్టవుతుంది. క్షయ కాదని తేల్చుకున్న తరువాతనే మొదటి చికిత్స జోలికి వెళ్ళాలి.

పొగాకును గురించి ఒక మాట. పొగ త్రాగేవారిలో అల్సరేటివ్ కోలైటిస్ తక్కువనీ, మానివేసిన కొత్తలో కొందరికి అది బయటపడుతుందనీ పరిశోధకులు గుర్తించిన మాట వాస్తవం. చుట్టకు బానిసలైన మిత్రులు ఈ వాక్యాన్ని కత్తిరించి దాచుకోవద్దు. క్రోన్స్ వ్యాధిని అదే పొగ రెచ్చగొడుతుంది. శ్వాసనాళాలకు అది చేసే చేటు ఎవరికీ చెప్పనక్కరలేదు.

పీల్చే స్టెరాయిడ్ వాడేవారు ప్రతిసారీ నీళ్ళతో నోరు పుక్కిలించాలి. లేకపోతే నాలుక మీద తెల్లని బూజు పడుతుంది. రక్షణ శక్తిని అణచే మందులు వాడేవారు ఫ్లూ టీకా ఏటేటా, న్యుమోనియా టీకా వైద్యుడు చెప్పిన వ్యవధిలో వేయించుకోవడం మంచిది. సజీవ క్రిములతో తయారయ్యే టీకాలు మాత్రం ఆ మందుల మీద ఉండగా సాధారణంగా వేయరు. అందుచేత ఆటలమ్మ వంటి వాటికి టీకా కావలసివస్తే, చికిత్స ప్రారంభించక ముందే ఆ విషయం అడిగి తెలుసుకోవాలి.